ఈ స్కాన్ ఏ పుస్తకానిది? అందుబాటు గ్రంథాలయానికి హనుమకొండ నుంచి ఒక బహిరంగ లేఖ

అందుబాటు గ్రంథాలయ నిర్వాహకులకు, పుస్తక సేకరణ కమిటీ సభ్యులకు, స్కాన్ చేసి పంపే వాలంటీర్ మిత్రులకు,

నమస్కారం.

నాకు చూపు లేదు. హనుమకొండలో ఉంటాను, పిల్లలకు పాఠాలు చెబుతాను. ఖాళీ దొరికినప్పుడు, చూపు లేనివాళ్లు వినేలా, బ్రెయిలీలో చదివేలా మీరు తయారుచేసే పుస్తకాల కోసం వచ్చిన తెలుగు స్కాన్‌లను విని, తప్పులు దిద్ది తిరిగి పంపుతుంటాను. ఒకప్పుడు మాకు తెలుగులో దొరికేవి స్కూలు పుస్తకాలు, నాలుగు భక్తి పుస్తకాలు. ఇప్పుడు నవలలు, కవిత్వం, గ్రూప్స్ మెటీరియల్ దాకా వస్తున్నాయి. ఇంత పని జీతం లేకుండా చేస్తున్నవాళ్ల మీద ఫిర్యాదు రాయడం నాకూ ఇబ్బందిగానే ఉంది. అయినా రాస్తున్నాను. వస్తున్న స్కాన్ ఏ ప్రతి నుంచి తీసిందో మనం అడగడం లేదు. ఎవరైనా తమంతట తాము చెప్పినా ఆ సంగతి పుస్తకం వివరాల్లోకి ఎక్కడం లేదు. దీన్ని మార్చమని అడగడానికే ఈ లేఖ.

ఈమధ్య ఒక నవల దిద్దుతున్నాను. కథ మంచి పట్టు మీద ఉంది. తండ్రి గడప దాటబోతూ ఆగి కూతురితో "నీకో మాట చెప్పాలమ్మా" అన్నాడు. ఆ మాటేమిటో వినేలోపే, ఫైలును చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అదే గొంతుతో "మరిన్ని పుస్తకాల కోసం మా టెలిగ్రామ్ చానెల్‌లో చేరండి" అంది. ప్రతి పేజీ చివరా అదే మాట. చూపున్నవాళ్లకు అది పేజీ అడుగున లేత రంగులో కనపడే చిన్న అక్షరాలు, కన్ను దాన్ని దాటుకుని పోతుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. ఇంకో ఫైలులో పేజీ పేజీకీ "స్కాన్డ్ బై కామ్‌స్కానర్" అని వచ్చింది. ఆ యాప్‌ను మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించారు. పంపినవారేమో పోయిన నెలలోనే స్కాన్ చేశామని రాశారు. కొందరి ఫోన్లలో పాత యాప్ ఇంకా ఉండొచ్చు, కాదనను. కానీ అడగాల్సిన ప్రశ్న అక్కడ పుట్టాలి కదా, పుట్టలేదు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మూడో ఫైలు. అది ఎవరో డబ్బు పెట్టి కొనుక్కున్న ఈ-బుక్. కొన్నవారి ఈమెయిల్ ప్రతి పేజీ మీదా ముద్ర పడి ఉంది. ముక్కూమొహం తెలియని మనిషి ఈమెయిల్‌ను పుస్తకం పొడుగునా వింటూ కూర్చున్నాను.

ఇవి కమిటీ కంటికి ఎందుకు పడలేదంటే, మన ఫారంలో పుస్తకం పేరు, రచయిత పేరు, పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరు తప్ప వేరే గడులు లేవు. పైగా ఆ నంబరు తప్పనిసరి అన్నారు. తెలుగులో, అందునా రచయితలు సొంత ఖర్చుతో వేసుకునే పుస్తకాల్లో, ఐఎస్‌బీఎన్ లేనివి కోకొల్లలు. గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు కాబట్టి కొందరు వరసగా సున్నాలు కొట్టి పంపుతున్నారు. అక్కర్లేని చోట అంత గట్టిగా అడిగి, అక్కరున్న చోట అసలు అడగకపోవడం నాకు అర్థం కావడం లేదు.

"చూపు లేనివాళ్లకు పుస్తకం దొరకడమే గగనం, ఎక్కడిదైతే ఏంటి సార్" అని ఒక వాలంటీర్ నాతో అన్నాడు. కాకతీయ యూనివర్సిటీలో పీజీ చదివే కుర్రాడు, మంచి మనసున్నవాడు. "ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతలేదు సార్, గ్రూపుల పీడీఎఫ్ కనబడితే అదే పెట్టిన" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ ఆ జవాబు వెనక ఒక అపోహ ఉంది. మనం చేసే పని ఎలాగూ సగం దొంగతనమే, జాలి కొద్దీ లోకం చూసీచూడనట్టు వదిలేస్తోంది అన్న అపోహ. ఆ మాట తప్పు. తప్పని గట్టిగా చెప్పుకోవాల్సింది కూడా మనమే.

1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు 52వ సెక్షన్‌లో మనకోసం ఒక క్లాజు చేర్చారు. వైకల్యం ఉన్నవారు చదువుకునే వీలు కోసం ఏ రచననైనా అందుబాటు రూపంలోకి మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. రచయిత అనుమతి అక్కర్లేదు, రాయల్టీ అక్కర్లేదు. సంస్థలకు మాత్రం కొన్ని షరతులున్నాయి. లాభం చూసుకోకూడదు, తయారీ ఖర్చు వరకే తీసుకోవచ్చు. ఆ ప్రతులు వైకల్యం ఉన్నవారికే చేరేలా చూడాలి. మామూలు వ్యాపారంలోకి జారిపోకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. తర్వాతి ఏడాది, 2013 జూన్‌లో, మొరాకోలోని మరకేష్‌లో ఇదే విషయం మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2014 జూన్‌లో దాన్ని అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మన దేశమే. 20 దేశాలు చేరాక 2016 సెప్టెంబర్ 30 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన పనికి సరిగ్గా సరిపోయే మాటలు ఆ ఒప్పందం నాలుగో అధికరణంలో రెండున్నాయి. అందుబాటు ప్రతి తయారుచేసే సంస్థకు ఆ రచన గానీ దాని ప్రతి గానీ చట్టబద్ధంగా అంది ఉండాలి. అందుబాటుకు అవసరమైనవి తప్ప వేరే మార్పులు అందులో చేయకూడదు.

ఇంత హక్కు చేతిలో పెట్టుకుని టెలిగ్రామ్ ఫైలు ఎందుకు? గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకమైనా, స్నేహితుడి దగ్గర అడిగి తీసుకున్నదైనా, పాత పుస్తకాల దుకాణంలో కొన్నదైనా స్కాన్ చేసుకోవచ్చు. అనుమతి అక్కర్లేని పని చేస్తున్నప్పుడు మూలం దాచాల్సిన అవసరమూ లేదు. రేపు ఒక ప్రచురణకర్త వచ్చి "నా పుస్తకం మీ దగ్గర ఎలా ఉంది" అని అడిగితే, ఫలానా గ్రంథాలయంలోని ఫలానా ముద్రణ నుంచి ఫలానా తేదీన స్కాన్ చేశాం, ఇదిగో చట్టం అని తలెత్తుకుని చెప్పగలగాలి. చెప్పలేకపోతే చెడేది ఆ ఒక్క పుస్తకం పేరు కాదు. మీ దగ్గరి ఫైళ్లు సుగమ్య పుస్తకాలయ లాంటి దేశవ్యాప్త వేదికలకు వెళ్తాయి. ఇక్కడ అడగకుండా వదిలేసిన ప్రశ్న అక్కడ అన్ని రాష్ట్రాల పాఠకుల మెడకు చుట్టుకుంటుంది.

చట్టాన్ని కాసేపు పక్కన పెడదాం. పాఠకుడిగా నాకు ఇంకా పెద్ద బాధ వేరే ఉంది. మూలం తెలియని ఫైలులో ఉన్నది రచయిత రాసిన మాటేనా అన్నది నాకు తెలియదు.

మన తెలుగు పుస్తకాలు ఎలా తయారవుతాయో మీకు చెప్పనక్కర్లేదు. చాలాచోట్ల ఇప్పటికీ డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడతాడు. రచయిత ఒకటో ప్రూఫ్, రెండో ప్రూఫ్ చూస్తాడు. ఆఖరు నిమిషంలో ప్రెస్సులో కూర్చుని ఒక పేరా కొట్టేస్తాడు, ఒక పేరు మారుస్తాడు. ఆపరేటర్ కంప్యూటర్‌లో ఆ దశలన్నిటి ఫైళ్లూ మిగిలిపోతాయి. అందులో ఏదో ఒకటి స్క్రీన్ రీడర్ చదవగలిగే యూనికోడ్‌లోకి మారి బయట తిరుగుతుంది. స్కాన్‌లో ఉండే తప్పులు అందులో ఉండవు, చెవికి హాయిగా ఉంటుంది, కాబట్టి దిద్దే మాకు కూడా ముద్దొస్తుంది. కానీ అది రచయిత ఒప్పుకున్న పాఠం కాకపోవచ్చు. అచ్చు పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. పక్కన పెట్టడానికి అచ్చు పుస్తకం పంపినవారి దగ్గరే లేదు.

వాట్సాప్‌లో చేతులు మారిన పీడీఎఫ్‌ల సంగతి ఇంకా ఘోరం. సైజు తగ్గించి తగ్గించి పంపడంతో ఒత్తులు చెరిగిపోతాయి. పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌కు "పద్యం" కాస్తా "పదం" అవుతుంది, "ప" ఒకసారి "వ", ఒకసారి "ష" అవుతుంది. ఇదే పేజీని కాగితం మీంచి 300 డీపీఐలో తీస్తే ఇందులో చాలా భాగం రాదు. పాడైన స్కాన్‌ను దిద్దడానికి రాత్రిళ్లు కూర్చునేది మాలాంటివాళ్లం. అర్థమయ్యే తప్పయితే దిద్దుతాం. "పదం" అని వింటే అది "పద్యం" అయి ఉంటుందని మాకెలా తెలుస్తుంది? బ్రెయిలీలో అచ్చయ్యాక అదీ లేదు, చుక్కలు పడిపోయాక పడిపోయినట్టే.

పోటీ పరీక్షల మెటీరియల్‌లో ఈ నష్టం మార్కుల్లో కనపడుతుంది. నాకు దిద్దమని వచ్చిన ఒక జనరల్ స్టడీస్ ఫైలుకు ముందు అట్ట లేదు, ముద్రణ వివరాలు లేవు, ఏ సంవత్సరానిదో లేదు. ఒక అధ్యాయంలో తెలంగాణకు 31 జిల్లాలు అని ఉంది, ఇంకో అధ్యాయంలో 33. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ పేర్లు అలాగే ఉన్నాయి. 2014లో 10 జిల్లాలతో మొదలైన రాష్ట్రంలో 2016 అక్టోబర్ 11న జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. 2021 ఆగస్టులో మా అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. అంటే ఆ ఫైలు కనీసం రెండు కాలాల మెటీరియల్‌ను జిరాక్స్ సెంటర్‌లో ఒక బైండులో కుట్టి, ఆ బైండును స్కాన్ చేసింది. నేను ఈ ఊళ్లోనే ఉంటాను కాబట్టి పట్టుకున్నాను. ఆదిలాబాద్‌లోనో ఖమ్మంలోనో అదే ఫైలు పెట్టుకుని గ్రూప్-2కి చదివే అమ్మాయికి ఎవరు చెబుతారు? ఆమె టెన్షన్ ఆమెకు ఎలాగూ ఉంది, మన నిర్లక్ష్యం దానికి తోడవ్వకూడదు.

దీనికి మందు ప్రతి తెలుగు పుస్తకం మొదట్లోనే ఉంది. లోపలి టైటిల్ పేజీ తిప్పితే వెనక వచ్చే పేజీ. ప్రథమ ముద్రణ ఎప్పుడు, ప్రతులు ఎన్ని, వెల ఎంత, సర్వహక్కులు ఎవరివి, డీటీపీ ఎవరు చేశారు, ఏ ప్రెస్సులో అచ్చయింది, ప్రతులకు ఎక్కడ అడగాలి, అన్నీ అక్కడే ఉంటాయి. పాత పుస్తకమైతే రెండో ముద్రణలో ఏం మార్చారో కూడా ఒక్కోసారి చెబుతారు. మన వాలంటీర్లు ఎక్కువగా వదిలేసేది సరిగ్గా ఆ పేజీనే. "కథలో భాగం కాదు కదా సార్" అంటారు. కొందరైతే చదివేవాళ్లకు విసుగని తీసేస్తున్నారట. దయచేసి ఆ విసుగు మాకు ఉంచండి. హనుమకొండలో ఒక పుస్తకావిష్కరణ సభలో మీ చేతికి కొత్త పుస్తకం ఇస్తే మీరు ముందు ఏ పేజీ తిప్పుతారో మేమూ అదే తిప్పుతాం.

గ్రంథాలయ ముద్రలను కూడా చెరపకండి. మన గ్రంథాలయాల్లో టైటిల్ పేజీ మీదే కాకుండా లోపల ఏదో ఒక నిర్ణీత పేజీలో కూడా ముద్ర వేసే అలవాటుంది. ఓసీఆర్ దాన్ని కూడా చదివి వాక్యం మధ్యలో "గ్రంథాలయము" అని, వెంట ఒక నంబరు వేస్తుంది. పాఠంలోంచి దాన్ని తీసేద్దాం, సరే. పేజీ చిత్రంలో మాత్రం ఉండనివ్వండి. ఆ నంబరుతోనే రేపు ఎవరైనా వెళ్లి అదే ప్రతిని బీరువాలోంచి తీయించగలరు. తెల్లరంగు పూసి ముద్ర చెరిపేసిన స్కాన్ వస్తే నాకు అనుమానం పెరుగుతుంది.

హక్కుల తేదీల లెక్క గురించి ఒక మాట. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదటి రోజు నుంచి 60 ఏళ్ల పాటు హక్కులుంటాయి. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు 2014 నుంచి అందరివీ. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1961లో పోయారు, ఆయనవి 2022 నుంచి. దాశరథి కృష్ణమాచార్యుల గారి రచనల మీద 2047 చివరి దాకా హక్కులుంటాయి, కాళోజీ గారి మీద 2062 చివరి దాకా. హక్కులు తీరినవి ఎవరికైనా తెరిచి పెట్టొచ్చు, మిగతావి సభ్యులకు మాత్రమే. ఈ రెండు అరలూ కలిసిపోకూడదు. పాత రచన అన్నంత మాత్రాన తేలికపడొద్దు. బమ్మెర పోతన పద్యం మీద ఎవరి హక్కూ లేదు. ఆ పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసిన పండితుడు నిన్నమొన్నటి మనిషయితే ఆ తాత్పర్యం ఆయనది, ఆయన వారసులది. అనువాదాలకూ ఇదే వర్తిస్తుంది. ఈ సంగతి తేల్చేది మళ్లీ ఆ ముద్రణ వివరాల పేజీయే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద 2000 తర్వాత వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. అసలు సైటు మూతపడ్డా వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అది మనకు పెద్ద నిధి, నేనూ వాడతాను. కానీ అక్కడ ఉంది కాబట్టి హక్కులు తీరిపోయాయని అనుకోవడం కుదరదు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్టు పడ్డాయి, పేజీలు జారిపోయినవి ఉన్నాయి. అక్కడి నుంచి తెచ్చిన ఫైలయితే అలాగని రాస్తే చాలు, పేజీలు లెక్క చూసుకుని, తేదీలు చూసుకుని తీసుకోవచ్చు.

ఇంతకీ నేను అడిగేది పెద్ద యంత్రాంగమేమీ కాదు. ఐఎస్‌బీఎన్ గడిని ఐచ్ఛికం చేయండి. దాని స్థానంలో ఒక్క ప్రశ్న పెట్టండి: ఈ పుస్తకం ఇప్పుడు మీ చేతిలో ఉందా, ఉంటే ఎవరిది? జవాబుతో పాటు మూడు ఫొటోలు అడగండి. టైటిల్ పేజీ, ముద్రణ వివరాల పేజీ, పుస్తకం వెన్ను. మొదటి రెండూ ఏ పీడీఎఫ్‌లోంచైనా తీయొచ్చు. వెన్ను మాత్రం పీడీఎఫ్‌లో దాదాపు ఉండదు, పుస్తకం పట్టుకున్నవాడే దాన్ని ఫొటో తీయగలడు. పిన్నులు కొట్టిన పలచని పుస్తకమైతే మధ్య పేజీ తెరిచి పిన్నులు కనపడేలా తీస్తే సరిపోతుంది. ఫారం మాత్రం స్క్రీన్ రీడర్‌తో నింపగలిగేలా ఉండాలి. స్కాన్ చేసేవాళ్లలో చూపు లేనివాళ్లమూ ఉన్నామని ఫారం తయారుచేసేవారు తరచూ మరిచిపోతున్నారు.

బిల్లు అడగొద్దు. ఇది నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే కమిటీలో ఒకరిద్దరు అలా ఆలోచిస్తున్నారని విన్నాను. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకానికి బిల్లు ఎవరిస్తారు? తాతగారి ట్రంకుపెట్టెలో దొరికినదానికి? రచయిత సంతకం చేసి చేతిలో పెట్టినదానికి? చట్టంలో బిల్లు ఊసే లేదు. మనం కోరేది అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని ప్రశ్న. బిల్లు అడిగితే మళ్లీ సున్నాలే వస్తాయి.

జవాబు ఏదైనా సరే, అది పుస్తకం ఫైలు మొదట్లోనే, పాఠకుడి చెవిన పడేలా రెండు వాక్యాల్లో ఉండాలి. ఏ ముద్రణ, ఎవరి ప్రతి, ఎప్పుడు స్కాన్ అయింది, అచ్చుతో పోల్చి చూశారా లేదా. ఇప్పటికే ఉన్నవాటిని రాత్రికి రాత్రి తీసేయమని అనడం లేదు. పరీక్ష దగ్గర పడ్డ పిల్లల దగ్గర్నుంచి పుస్తకం లాక్కోవడం నాకు ఇష్టం లేదు. "మూలం తెలియదు" అని ముందు ఒక మాట చేర్చి, వరసగా అసలు ప్రతులు దొరికినకొద్దీ మార్చుకుంటూ పోదాం. కొనుగోలుదారు ఈమెయిల్ ఉన్నటువంటివి మాత్రం వెంటనే తీసేయాలి, అందులో ఆలోచించడానికేమీ లేదు.

అసలు ప్రతులు ఎక్కడ దొరుకుతాయంటారా? మా ఊళ్లో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. కాకతీయ యూనివర్సిటీ లైబ్రరీ ఉంది. జిల్లా గ్రంథాలయం ఉంది. పాత ఓరుగల్లు ఇళ్లలో సొంత బీరువాలున్న మాస్టార్లు ఉన్నారు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఇక్కడి రచయితలు చాలామంది తమ పుస్తకం మా చెవిన పడుతుందంటే సంతోషించేవాళ్లే. అనుమతి అవసరం లేకపోయినా ఫోన్ చేసి ఒక మాట చెబితే పుస్తకం ప్రతినే పోస్టులో పంపుతారు, అప్పుడు మూలం గొడవే ఉండదు.

కాబట్టి మీ దగ్గర మూలం తేలని తెలుగు పుస్తకాల పట్టిక ఉంటే నాకు పంపండి. లేకపోతే తయారుచేయించండి, ముద్రణ వివరాల పేజీ లేని ఫైళ్లన్నీ అందులోకి వస్తాయి. వరంగల్, హనుమకొండల్లో వాటి ప్రతులు వెతికే పని నేను, మా పూర్వ విద్యార్థులు కొందరు చూసుకుంటాం. పుస్తకం బయటికి ఇవ్వని గ్రంథాలయమైతే అక్కడే బల్ల మీద ఫోన్ స్టాండు పెట్టుకుని తీసుకుంటాం. దానికి మీ లెటర్‌హెడ్ మీద, ఏ పని కోసం స్కాన్ చేస్తున్నామో, ఎవరికి మాత్రమే ఇస్తామో, ఏ సెక్షన్ కిందో రాసి సంతకం పెట్టిన ఒక ఉత్తరం కావాలి. లైబ్రేరియన్లు ముందు అడిగేది అదే. ఆ ఉత్తరం తెలుగులో ఉంటే పని త్వరగా అవుతుంది.

ఇట్లు,
హనుమకొండ నుంచి మీ పాఠకుడు, ప్రూఫులు దిద్దే వాలంటీర్